రక్తంలోంచి తీసిన పసుపు నీళ్ళు

మాది క్యాసంబళ్ళి దగ్గర పట్టుపురుగులు పెంచే ఇల్లు. మల్బరీ ఆకు కోయడానికి అందరికన్నా ముందు మా అత్తే లేచేది. అలాంటి మనిషికి ఆ ఏడు పొద్దు వాలేసరికి కనురెప్పలు వాలిపోయేవి. నిద్ర చాలలేదనుకున్నాం. మాట ముక్కుతో వస్తే జలుబనుకున్నాం. ఒకరోజు సంగటి ముద్ద గొంతులో నిలిచిపోయింది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. ఇంక నేనూ మా ఆయనా ఆమెను కోలారు ఆసుపత్రికి తీసుకుపోయాం.

నమిలేటప్పుడు దవడ అలసిపోతుందా అని డాక్టరమ్మ అడిగింది. అలాంటిదేమీ లేదని గట్టిగా చెప్పాను. రోజూ ఏం తింటుందని మళ్ళీ అడిగితే మా ఆయన అందుకున్నాడు.

"సంగటేనమ్మా. దాన్ని యాడ నములుతాం, మింగేదే కదా."

డాక్టరమ్మ అత్త వైపు చూసి నవ్వేసింది. "దవడకు పనే పెట్టకపోతే అలసట ఎట్ల తెలుస్తాదవ్వా?"

రోగం అలా దాక్కుందన్నమాట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి, నరం చెప్పిన మాట కండకు చేరకుండా అడ్డుపడుతోందట. ఆ అడ్డం రక్తంలోని నీళ్ళలో ఉందట. ఆ నీళ్ళు తీసి వేరేవి ఎక్కించాలంది. ఆలస్యమైతే ఊపిరి తీసే కండలూ అలసిపోతాయంది. వెంటనే చేసేయమన్నాం.

మెడ దగ్గర గొట్టం పెట్టి మిషనుకు కలిపారు. పాలలోంచి మీగడ తీసే మిషను చూశాను గానీ, రక్తాన్ని విడదీసేది చూడటం అదే మొదలు. ఎర్రది తిరిగి ఒంట్లోకి పోతోంది, పసుపు కలిపిన గంజిలాంటి నీళ్ళు సంచిలో నిండుతున్నాయి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. పో, పో అని ఆ సంచితోనే మాట్లాడాను.

రోజు విడిచి రోజు చేశారు. మొదటిసారికి తేడా లేదు. రెండోసారి అయిన మర్నాడు అత్త రెండు కళ్ళూ తెరిచి, మా ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడని వేలు చూపించింది. ఆయన గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. మందులు మానకూడదని, ఇది మళ్ళీ రావచ్చని డాక్టరమ్మ చెప్పే ఉంది. అయినా మా సంతోషం ఆగితేనా.

మూడోసారి తర్వాత చిక్కటి రాగిజావ పట్టి చూడమన్నారు. అత్తను నిటారుగా కూర్చోబెట్టి నర్సమ్మ ఒక చెంచా పోసింది. అందరం ఆమె ముక్కు వైపే చూస్తున్నాం. గొంతు కదిలింది. ముక్కు పొడిగానే ఉంది. ఇంకో చెంచా. అదీ దిగింది.

అత్త నా వైపు తిరిగి, మాట ముక్కులోంచి రాకుండా అడిగింది. "ఉప్పు యాడే?"

నర్సమ్మ తెస్తానని లేచేలోపే మా ఆయన తలుపు దాటేశాడు.