మైదాకు మీద మంచినూనె

మా చుట్టాలు ఇప్పటికీ ఆ ఆకురంగుల పుస్తకంలోనే తప్పుందని అంటున్నారు. పుస్తకంలో తప్పు లేదు. వనపర్తి గ్రంథాలయంలో కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ని కనుక, జరిగింది రాసిపెట్టే బాధ్యత నాది.

మా బావ పెబ్బేరు సంతలో ఎడ్ల దళారి. ఏళ్లుగా దుకాణంలో కొన్న రంగుతో జుట్టు నల్లగా ఉంచుకునేవాడు. పోయిన వేసవిలో అది పడక మొహం వాచి కళ్లు మూసుకుపోయాయి. ఇక ఆ రంగు ముట్టొద్దని దవాఖానలో చెప్పారు. తల తెల్లబడింది. సంతలో రైతులు ఆయన్ను దాటుకుని వయసులో ఉన్న దళారుల దగ్గరికి పోసాగారు.

"ముసలోనికి ఎద్దు పండ్లు ఏం కనవడ్తయి అంటున్రు బామ్మర్ది. గిట్లనే వోతే ఇంట్ల కూసోవాలె" అన్నాడు బావ.

"నువ్వు ఇంట్ల కూసుంటే నాకు పరేషాన్" అంది అక్క.

నేను చదివింది చెప్పాను. మైదాకు, అంటే గోరింటాకు, ఒక్కటే పెడితే జుట్టు ఎర్రబడుతుంది. కడిగి, దాని మీద నీలి ఆకు పొడి పెడితే నలుపు వస్తుంది. మైదాకును టీ నీళ్లతో ఇనుప మూకుడులో నానబెట్టాలి. నీలిని మాత్రం గోరువెచ్చని నీళ్లతో కలిపి వెంటనే పెట్టాలి. ఎందుకో కూడా వివరించాను.

"ఎద్దు గూడ ఇంత నెమరెయ్యది. పెట్టు జర" అన్నాడు బావ.

సంతకు ముందురోజు అక్క మైదాకు పట్టించి తల కడిగించింది. నేను నీళ్లు కాచి నీలి కలుపుకొచ్చేలోగా బావ తల నిగనిగలాడుతోంది.

"ఏందక్కా ఇది?"

"మంచినూనె. మైదాకు కడిగినంక నూనె రాయకుంటే ఎట్ల పండుతది? చేతులకు రాస్తలేమా?"

మా ఇళ్లలో ఎవరి చేతికి మైదాకు పెట్టినా, తీశాక నూనె రాస్తారు. అయితే నూనె జుట్టుకు నీలి పట్టదు. మళ్లీ తలంటితే ఎరుపు పోతుందని అక్క ఒప్పుకోలేదు. కలిపిన నీలి ఎక్కువసేపు ఆగదు, పనికిరాకుండా పోతుంది. బావ గిన్నె లాక్కుని రెండు చేతులతో తలంతా రుద్దుకున్నాడు. జుట్టుకు పట్టలేదు. చేతులకు, పుస్తకంలో రాసినట్టే, బాగా పట్టింది.

మరునాడు ఎర్ర తల, నీలం చేతులతో సంతకు పోయాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. బావకు ఉన్నది ఒకటే తువ్వాల. తలకు చుడితే చేతులు కనబడతాయి, చేతులకు కప్పితే తల కనబడుతుంది. వ్యాపారం చేతులది కనుక చేతులకే కప్పాడు.

"ఏందే, కోడిపుంజు లెక్క అయినవ్?" అన్నాడు చాయ్ హోటలాయన.

"పుంజైనా ఎడ్ల ధర తెలుసు" అన్నాడు బావ.

కాసేపటికి గద్వాల దిక్కు రైతు ఒకాయన వచ్చి, నికరమైన దళారి ఎవరని హోటల్లో అడిగాడు. నవ్వులాటకు అందరూ కలిసి "అగో, ఆ ఎర్రతలాయన" అని చూపించారు. బేరం తువ్వాల కిందే కుదిరింది. తువ్వాల తీశాక రైతు బావ చేతులు చూసి, తన వేళ్లు తిప్పి చూసుకున్నాడు.

"అంటుతదా?"

"ఎండింది. అంటదు."

ఆయన జోడెడ్లను తోలుకుపోయాడు. మరుసటి సంతకు ఆయన ఊరివాళ్లు ఎర్రతలాయన ఏడని అడుగుతూ వచ్చారు. నీలి పెట్టే రెండో మెట్టు మిగిలే ఉందని నేను గుర్తుచేశాను. "నీ నలుపు నువ్వే పెట్టుకో" అన్నాడు బావ. ఇప్పుడు మైదాకు ఒక్కటే పెడుతున్నాడు.

పుస్తకం వెతికిచ్చిన గ్రంథపాలకుడికి, తల ఇచ్చిన బావకు, మూకుడు ఇచ్చిన అక్కకు, దారి చూపిన చాయ్ హోటలాయనకు కృతజ్ఞతలు. ఇది చదివి వినిపిస్తే, మంచినూనె పేరు రాయలేదేమని అక్క అడిగింది. రాశాను.