చంద్రకళ వెళ్లాల్సిన సముద్రం

1988 ఆగస్టు 12, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. ఆ గంట నుంచి మోస్తున్న బరువును ఇవాళ మీ ముందు దించుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు. వినమని.

నేను నారాయణపేటలో పంతులమ్మగా పనిచేశాను. ఆ ఏడు హైదరాబాదు ట్రస్టు ఒకటి మా మెట్ట ప్రాంతపు బడులకు సముద్రయాత్ర గ్రాంటు ఇచ్చింది. ఒక పిల్ల, తోడుగా ఆమె క్లాసు టీచరు. పది రోజులు తీరంలో ఉండి, తిరిగొచ్చి ఊరూరి బడుల్లో సముద్రం గురించి చెప్పాలి. వ్యాసం రాసి మొదట నిలిచింది చంద్రకళ, ఎనిమిదో తరగతి బీ సెక్షను, నేతగాడి బిడ్డ. రెండోది ఏ సెక్షను పిల్ల. ఏ సెక్షను టీచరును నేనే. నలభై ఒక్క ఏళ్లొచ్చినా సముద్రం చూడలేదు.

గ్రాంటు కాగితాలు చూసే పని నాదే కనుక చంద్రకళ తండ్రి ఒప్పుకోలు కాగితం నా చేతికొచ్చింది. కింద వేలిముద్ర. నాకు ప్రతిదీ సరిచూసే అలవాటు. అడ్మిషన్ రిజిస్టరు తీశాను. అందులో తండ్రి ముద్రకు అడ్డంగా పాత గాయపు గీత ఉంది. కాగితం మీద గీత లేదు, ముద్ర చిన్నది. పిల్ల తన వేలే పెట్టింది.

హెడ్మాస్టరుకు చెప్పొచ్చు. పిల్లనే పిలిచి అడగొచ్చు. నేను ఆ కాగితం పట్టుకొని వాళ్లింటికి పోయాను. ఎందుకు? నియమం కోసమని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఏడు సంక్రాంతి ముందే చంద్రకళ తండ్రి తన పెళ్లాం పళ్లు రెండు రాలగొట్టిన సంగతి వాడకంతా తెలుసు. నాకూ తెలుసు.

అతను గుంత మగ్గంలో కూర్చొని ఉన్నాడు. చంద్రకళ నూలు కండెలు చుడుతోంది. తల్లి నాకు చాయ ఇచ్చింది.

"ఏంది పంతులమ్మా, మా ఇంటి తొవ్వ దొరికిందా? మా పోరి లెక్కలల్ల గుండుసున్న తెచ్చిందా?" అని నవ్వాడు.

"సముద్రం కాడికి పంపుతున్నవట గదా. ఈ ఏలిముద్ర నీదేనా, జర చూడు" అని కాగితం అందించాను.

"సముద్రమా? నేనే కృష్ణ దాటలేదు. పడుగు మగ్గం మీదుంది, కండెలెవలు చుడతరు?" కాగితం చూశాడు. నవ్వు పోయింది. గుంతలోంచి లేచాడు. "ఏ ఏలు పెట్టినవే?"

"నాయినా, పది దినాలే. వచ్చి రెండింతలు చుడత."

"ఏ ఏలు అంటున్న!"

పిల్ల కుడి బొటనవేలు చూపింది. దాన్ని గడప రాతి మీద అదిమిపట్టి మగ్గం కట్టెతో కొట్టాడు. అడ్డమొచ్చిన తల్లిని తన్నితే ఆమె రాట్నం మీద పడింది. రెండో దెబ్బకు గోరు ఊడింది. మూడో దెబ్బకు ఎముక చప్పుడైంది. "టీచర్, నువ్వు చెప్పు టీచర్" అని పిల్ల నా వైపే చూసి అరిచింది. నాలుగో దెబ్బ కూడా పడింది.

నేను లెక్కపెట్టాను. చేతిలోని చాయ గ్లాసు కింద పెట్టలేదు. ఒక్క మాట అంటే ఆగేవాడేమో. ఆగకపోయేవాడేమో. అనకపోవడం మాత్రం నా పనే. పిల్ల చేతి మీద నెత్తురు చూస్తూ నా మనసులో మొదట వచ్చిన ఆలోచన, ఇక ఈమె వెళ్లడం జరగదు అన్నది. అది భయం కాదు. సంతోషం.

చీము పట్టి దవాఖానలో వేలు తీసేశారు. సెప్టెంబరులో ఏ సెక్షను పిల్లతో నేను పోయాను. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డాను. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. తిరిగొచ్చి పదకొండు బడుల్లో అలల గురించి చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు. చంద్రకళ మళ్లీ బడికి రాలేదు.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడటం న్యాయం కాదని తెలుసు.

పోయినవి ఇవి. ఒక కుడి బొటనవేలు. పదో తరగతి దాకా దాదాపు మూడేళ్ల చదువు. పది రోజుల సముద్రం. మూడూ చంద్రకళవే. నాది ఏమీ పోలేదు.