ఆదివారం మధ్యాహ్నాల ఘాట్ రోడ్డు

నేను దేవుణ్ణి నమ్ముతాను. దయ్యాలనూ, కలలో కనిపించి దారి చూపేవాళ్లనూ నమ్మను. చర్చిలో ఎవరైనా లేచి తమకు దర్శనం వచ్చిందని సాక్ష్యం చెబుతుంటే, ఇంటికెళ్లి ఏం కూర వండాలా అని ఆలోచించే రకాన్ని. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి నన్నూ ఆ జాబితాలో కలిపేయకండి.

మాది మేడ్చల్. మా ఆయనా నేనూ ఇద్దరం డ్రైవర్లమే. ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. నేను కొంపల్లి విల్లాల పిల్లల్ని వ్యానులో బడికి చేరుస్తాను. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. తిట్టకుండా నేర్పాడని మాత్రం అనుకోకండి.

ఆయనకో అలవాటుండేది. కొత్త రూటు ఇస్తే ఒకసారి తిరిగి చూసొచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని ఆ దారంతా మళ్లీ నడిపేవాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే కుడికాలు బ్రేకు తొక్కేది. మలుపొస్తే భుజం కదిలేది. "తొవ్వ ఒంటికి పట్టాలె" అనేవాడు. "మంచం ఏ గేర్ల ఉంది?" అని నేను ఆటపట్టించేదాన్ని.

తర్వాత ఆయన చూపు తగ్గడం మొదలైంది. ముందు రేచీకటి అనుకున్నాం. అది కాదట, చుట్టూ ఉన్న చూపు కొంచెం కొంచెంగా లోపలికి ముడుచుకుపోయే జబ్బట. మందు లేదన్నారు. ఆ రోజే ఆయన బస్సు తాళాలు స్కూల్లో ఇచ్చేసి వచ్చాడు. ఎవరూ అడగకుండానే ఇచ్చాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు.

"చూడాలనుకున్నవేమైనా ఉంటే ఆలస్యం చేయకుండా చూసేయండి" అని డాక్టరు అన్నాడు. ఏం చూస్తావయ్యా అని అడిగితే, మంచుకొండ అన్నాడు. మేడ్చల్ మీదుగా పోయే హైవే పట్టుకుని ఉత్తరానికి పోతే కొండలే వస్తాయి కదా, దాని పక్కనే బతికి ఒక్కసారీ పోలేదని ఆయన బాధ.

పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, ఇక్కడి షెడ్డులోనే లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. ఇల్లుబండి అని పేరు పెట్టాం. నడిపేది నేను. నేను అప్పటిదాకా ఎక్కించిన పెద్ద ఎత్తు శామీర్‌పేట చెరువు కట్ట. ముందుంది ముసళ్ల పండగ అని తెలుసు. అందుకే దారి వెడల్పుగా ఉండాలని గట్టిగా పట్టుబట్టాను. కౌకూర్‌లో ఉండే మా కూతురు లిల్లీ ఫోనులో వీడియోలు చూసి, తాతకు దగ్గులు నేర్పినట్టు మాకే రోడ్లు చెప్పింది. ముస్సోరీ వైపు రోడ్డు వెడల్పుగా ఉంటుంది, అటు పొమ్మంది. నేను సరేనన్నాను. తను చెప్పిన రెండోది హిమాచల్‌లోని కిన్నౌర్ దారి. ఒక పక్క బండ, ఒక పక్క లోయ.

ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇల్లుబండిని శామీర్‌పేట చెరువు పక్కకు తీసుకెళ్లేదాన్ని. అక్కడే వండుకుని తినేవాళ్లం. తిన్నాక ఆయన లోపల మంచం మీద పడుకునేవాడు. తలుపు తెరిచి ఉంటే చెరువు మీది గాలి వచ్చేది. నీళ్ల వెలుగు రేకు కప్పు మీద ఆడుతుండేది. ఆ వెలుగు కింద నాకూ సగం నిద్రే. నేను మ్యాపులో ఊళ్ల పేర్లు చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవాడు.

ముస్సోరీ దారి చదివాను. కాలు కదల్లేదు. కాసేపటికి, "గీ తొవ్వ నాకు వస్తలేదే" అన్నాడు.

"నువ్వు పోని తొవ్వ నీకెట్లొస్తదయ్యా?" అన్నాను.

కిన్నౌర్ దారి చదవడం మొదలుపెట్టాను. మూడు నాలుగు ఊళ్లు దాటానో లేదో, కుడికాలు తొక్కింది. భుజం వంగింది. "ఈడ బండను తొలిచిండ్రు, పైన కప్పు లెక్కుంది. హారన్ కొట్టు" అన్నాడు. తర్వాత ఇనుప వంతెన వచ్చిందన్నాడు. అది దాటగానే పెద్ద రోడ్డు నేరుగా పోతుందట, ఎడమకు సన్నదారి పైకెక్కుతుందట. ఆ సన్నదారి చివర నీలం రేకుల చాయ్ కొట్టు. బల్ల వాలుగా ఉంటుంది కాబట్టి కొట్టామె గ్లాసు జారకుండా ఒక వైపు పలకరాయి పెడుతుందట.

లిల్లీ చూపించిన వీడియోల్లో ఎక్కడో చూసి ఉంటాడనుకున్నాను. కానీ అప్పటికి ఆయనకు ఫోనులో మనుషుల ముఖాలే ఆనేవి కావు. లిల్లీని అడిగితే, బండ తొలిచిన రోడ్డు వీడియోల్లో ఉంది కానీ సన్నదారి ఎక్కడా లేదంది.

మరో ఆదివారం నేనొక పని చేశాను. చదువుతూ చదువుతూ కావాలనే ఒక ఊరు వదిలేశాను. ఆయన కాలు ఠక్కున బ్రేకు మీద పడింది.

"నడుమ ఒక ఊరు ఇడిసిపెట్టినవ్" అన్నాడు కళ్లు తెరవకుండానే.

 ఇదివరకు చదివినప్పుడు విని గుర్తుపెట్టుకున్నాడులే అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ అదే అయ్యుండొచ్చు. ఏమైనా ఆ రోజే ముస్సోరీ మాట మానేశాను. కిన్నౌరే పోదాం, కానీ పెద్ద రోడ్డు వదిలి ఆ సన్నదారి మాత్రం ఎక్కనని ఒట్టేసి చెప్పాను. ఆయన ఊఁ అన్నాడు.

బయలుదేరే నాటికి ఆయన చూపు ఇంకా తగ్గింది, గొట్టంలోంచి చూసినంతే మిగిలింది. కొండలు మొదలయ్యాక రోజూ మబ్బులే. ఊరూరా ఆగి ఎదురుచూశాం. వచ్చిన పని అవుతుందా, ఈ చూపు ఇంకెన్నాళ్లు ఆగుతుంది అని నాకు లోలోపల ఏడుపే.

బండ తొలిచిన చోటు వచ్చింది. హారన్ కొట్టాను. తర్వాత ఇనుప వంతెన వచ్చింది. దాటగానే ఎడమకు నిజంగానే సన్నదారి ఉంది, ఇల్లుబండి ఒక్కటే పట్టేంత. నేరుగా పెద్ద రోడ్డు ఉంది. మబ్బు కిందికి దిగి ఉంది. బండి ఆపాను. ఆయన పక్క సీట్లో కళ్లు మూసుకుని ఉన్నాడు, కాలు మాత్రం బ్రేకు మీంచి తీసినట్టు కొంచెం లేచింది. నేను వేసిన ఒట్టు గట్టున పెట్టి, ప్రార్థన చేసుకుని ఎడమకు తిప్పాను.

దారి చివర నీలం రేకుల కొట్టు. ఒకామె పొయ్యి ముందు కూర్చుని ఉంది, మా వయసే ఉంటుంది. మమ్మల్ని చూసి లేచింది. నన్ను కాదు, ఆయన్ను చూసి నవ్వింది. హిందీలో, "ఇవాళ బండితో వచ్చావా?" అంది.

మనది హైదరాబాదు హిందీ కదా, సరిగా అర్థం కాలేదేమోనని మళ్లీ అడిగాను. ఆమె నిదానంగా చెప్పింది. ఈయన మధ్యాహ్నాల్లో వస్తాడట. ఎప్పుడూ నడిచే వస్తాడట. చాయ్ ఇస్తే వద్దంటాడట, మా ఆవిడ వచ్చాక తాగుతానంటాడట. కాసేపు బల్ల మీద కూర్చుని పోతాడట. ఏ రోజుల్లో అని అడిగాను. ఆదివారం, అంది. ఆ రోజు కింది ఊరికి బస్సు ఉండదు, ఈయనెలా వచ్చాడా అనుకునేదట.

చాయ్ పోసి, ఆయన గ్లాసు కింద పలకరాయి పెట్టింది. ఆయన తాగాడు. నేను నా గ్లాసు బల్ల మీదే వదిలేశాను.

ఆమె ఎవర్నో చూసి ఈయననుకుంటోందని నాకు నేను చెప్పుకుంటున్నాను. అంతలో ఎదురుగా మబ్బు కదిలింది. ముందు ఒక అంచు తెల్లగా కనిపించింది. అది మబ్బే అనుకున్నాను. మెల్లగా అదంతా కొండ అయింది. అంత పెద్దది, అంత దగ్గర. ఆయన కళ్లు ఎటు తిప్పుతున్నాడో తెలియక, గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పాను.

"కనబడుతుందా?" అన్నాను.

ఆయన కన్నీళ్లు గడ్డం దాకా కారాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"ఎప్పుడొచ్చినా గీడ మబ్బే ఉంటుండె సుజాతా. ఇయ్యాల్నే జూస్తున్న."

ఇది జరిగాక ఆయన మళ్లీ అలా పడుకుని దారులు నడపలేదు. ఇప్పుడు ఆయనకు వెలుతురు తెలుస్తుంది, అంతే. కొండ ఎట్లుందని ఎవరైనా అడిగితే కుర్చీలో నిటారుగా కూర్చుని చెబుతాడు. ఆదివారాల సంగతి అడిగితే మాత్రం, "నిద్రల ఏం జేసిన్నో నాకేమెర్క?" అంటాడు. అబద్ధమాడే మనిషి కాదు.

లిల్లీ అది ఆ కొట్టామె పొరపాటంటుంది. పాస్టరుగారు ప్రభువు కృప అన్నారు. నేను ఆ మధ్యాహ్నాలన్నీ ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను, ఆయన గురక విన్నాను. ఆయన శామీర్‌పేట దాటి ఎక్కడికీ పోలేదని నేనే సాక్షిని. కానీ కొట్టామె చెప్పింది అబద్ధమని అనలేకపోతున్నాను. ఎంత ఆలోచించినా నాకు తెగదు.

ఆమె మాటలు గుర్తొస్తే నాకిప్పుడు భయం వేయదు. ఆ వంతెన గుర్తొస్తే వేస్తుంది. ఆ రోజు ఒట్టు నిలబెట్టుకుని నేరుగా పోవాలనే ఉండింది నాకు.