సాయిబుగారి సీసపు గుండు

మా పక్క కొట్టు దర్జీ సాయిబుగారు పోయారు. పొద్దున్నే నేను కొట్టు తలుపు తీస్తుంటే వాళ్ళ పెద్దబ్బాయి వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు. "షావుకారుగారూ, నాన్న నిద్రలోనే పోయారండీ" అన్నాడు. "అదేమిటయ్యా, నిన్న సాయంత్రం కూడా నాతో పోట్లాడారు కదా!" అన్నాను. అనవలసిన మాటేనా అది? కానీ నా నోటికి వచ్చింది అదే.

గోరీల దొడ్డి దాకా వెళ్ళాను. తిరిగి వచ్చి, స్నానం చేసి, కొట్లో కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గాని, లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఎవరో కందిపప్పు అడిగితే శనగపప్పు పొట్లం కట్టి ఇచ్చాను. ఆవిడ వీధి చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చి నన్ను నాలుగు చీవాట్లు పెట్టింది. గోడ అవతల మిషను చప్పుడు లేదు. ఏలూరు బజారులో ఇన్ని బళ్ళు, ఇంత గోల ఉండగా, ఆ ఒక్క చప్పుడు లేకపోవడం నా ప్రాణం తోడేస్తోంది. రాస్తేనన్నా కాస్త నిలకడ వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఆయనా ఒక్కచోట నిలిచే మనిషి కాదు. ఎవరికో భుజం కొలత తీస్తూ తీస్తూ, టేపు మెడలో వేసుకుని నా కొట్లోకి వచ్చేసేవారు. ఆ కొలత ఇచ్చే ఆసామి చేతులు చాచుకుని అలాగే నిలబడి ఉండేవాడు. "ఏవండీ షావుకారూ, గాలి ఎటు తిరిగిందో చూశారా?" అనేవారు. గాలి ఎటు తిరిగితే నాకేం? ఆయనకు కావాలి. వారానికోసారి కొట్టు అబ్బాయికి అప్పగించి, జట్కా ఎక్కి, కొల్లేరు మీదకు గాలం వేయడానికి పోయేవారు. కొల్లేటికోట నుంచి ఒకాయన రెండు తాటిబోదెలు జతకట్టిన జోడు తాటిదోనె తెచ్చి ఒడ్డున కనిపెట్టుకుని ఉండేవాడు.

మాది ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు. అయినా సాయిబుగారి పుణ్యమా అని నాకు గాలం సంగతులన్నీ వచ్చు. దారానికి చిల్లి ఉన్న సీసపు గుండు ఎక్కిస్తారు. అది దారం మీద జారుతూ ఉండాలి. కొర్రమీను ఎరను నోట పెట్టుకుని కదిలినప్పుడు గుండు నేల మీదే ఉండిపోయి, దారం మాత్రం దానిలోంచి జారాలి. బరువు తగిలిందా, చేప ఎరను వదిలేస్తుంది. అలాగని గుండు జారి జారి గాలపు ముల్లు మీదకు వచ్చి పడకూడదు. ముల్లుకు జానెడు పైన దాన్ని ఆపడానికి ఏదో ఒకటి ఉండాలి. సాయిబుగారు అక్కడ పట్టుదారంతో చిన్న ముడి వేసేవారు. "బరువు జారాలండీ, కానీ హద్దు దాటకూడదు. పెళ్ళాం మీద కోపం కూడా అంతే" అనేవారు. ఆవిడ లోపలినుంచి వింటూనే ఉండేది.

రెండేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట సూదిలో దారం పోలేదు. తరువాత కత్తెర గీత మీద నిలవలేదు. మిషను అబ్బాయికి ఇచ్చేశారు. ఆరోజూ నా కొట్లోకి వచ్చి గాలి సంగతే అడిగారు. కానీ ఒకరోజు కొల్లేరు నుంచి వచ్చి, నా కొట్లో బస్తా మీద కూలబడి, "ముడి పడడం లేదు షావుకారూ" అన్నప్పుడు ఆయన గొంతు నేను అంతకుముందు విన్న గొంతు కాదు.

అబ్బాయి మంచివాడు. "ఇంటి దగ్గర నేను కట్టి ఇస్తాను కదా నాన్నా" అన్నాడు.

"నాచులో తగులుకుని దారం తెగితే? ప్రతిసారీ అక్కడే మళ్ళీ కట్టుకోవాలి. నువ్వొచ్చి నీళ్ళలో నిలబడతావా?" అని విసుక్కున్నారు.

దోనె ఆయన కూడా మొహమాటం లేకుండా చెప్పేశాడట. "సాయిబుగారూ, తోసే గెడ వదిలి నేను మీ ముడులు కడుతూ కూర్చుంటే దోనె గాలికి కొట్టుకుపోద్దండీ. మీ గాలం మీరు కట్టుకోగలిగితే రండి, లేదంటే ఒడ్డున కూర్చుని చూడండి." ఒడ్డున కూర్చోవడమా! ఆ మనిషా!

ఇక చూడాలి. ముడి అవసరం లేకుండా గుండును ఆపే ఉపాయం కోసం ఆయన నా కొట్టు మీద పడ్డారు. చిల్లిలో వెదురు పుల్ల దోపారు. అది నాని, ఉబ్బి, గుండును కదలకుండా బిగించేసింది. తేనెమైనం ముద్ద అతికించారు. ఎండకు కరిగి జారిపోయింది. చింతగింజకు చిల్లి పొడవబోయి వేలికి పొడుచుకున్నారు. చివరికి లవంగం అడిగారు, దాని కాడ దోపడానికట.

"లవంగమెందుకండీ, చేపకేమైనా పంటినొప్పా?" అన్నాను.

"నవ్వండి, నవ్వండి. మీ చేతులు మీ మాట వింటున్నాయి కదా" అన్నారు.

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. దారం ఆయన చేతిలోంచి లాక్కుని, గుండు కింద టకటకా రెండు చుట్లు చుట్టి ముడి వేసి ఇచ్చాను. లోపలినుంచి మా అమ్మ, "చేపల దారం ముట్టుకున్న చేత్తో పప్పు కొలుస్తావట్రా?" అని కేకలేసింది. మళ్ళీ స్నానం చేయవలసి వచ్చింది.

మర్నాడు సాయిబుగారు కొల్లేటి నుంచి బజారంతా వినబడేలా అరుచుకుంటూ వచ్చారు. "ఏం ముడండీ అది! కొర్రమీను ఇలా లాగిందో లేదో అలా ఊడొచ్చింది!" ఊడదూ మరి? నా చేతులకు తెలిసింది పొట్లం ముడి ఒక్కటే. ఇంటికెళ్ళి ఒక్క లాగు లాగితే విడిపోవాలనే కదా మేం వేసేది. ఆ విషయం నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆరోజు ఇద్దరం నవ్విన నవ్వుకు వీధిలో జనం ఆగి చూశారు. నవ్వి నవ్వి ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఎంతకీ తుడుచుకోవడం అయిపోలేదు.

ఆ తరువాత చాలా రోజులు కొట్లోకి రాలేదు. వస్తే తల తినేస్తారని విసుక్కునే నేను, రాకపోయేసరికి త్రాసు పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం ఒక వకీలుగారి కొత్త కోటు చేతపట్టుకుని ఊపిరాడకుండా వచ్చారు. దానికి ఒక బొత్తాం లేదు. బొత్తాం దారం మీద ఉంది! దారాన్ని ఒక చిల్లిలోంచి కిందికి, పక్క చిల్లిలోంచి పైకి తీశారు. అంతే, ముడి లేదు. వేలితో నెడితే బొత్తాం కదులుతోంది, వదిలితే ఉన్నచోటే పట్టుకుని ఉంటోంది. దారం కొసకు మైనం రాసి పుల్లలా బిగదీస్తే ఆ వణికే వేళ్ళతోనే, కాస్త తంటాలు పడి, చిల్లిలోకి పోనివ్వగలిగారు. పైనుంచి గుండు టక్కున జారి బొత్తాం మీద ఆగింది. "ఇన్నాళ్ళూ కుట్టినవన్నీ ఇవే కదండీ!" అని తలకొట్టుకున్నారు. వకీలుగారు సాయంత్రం వచ్చి పెట్టిన చీవాట్లను పెళ్ళి అక్షింతల్లా నెత్తిన వేయించుకున్నారు.

"మీరు చూడొద్దా?" అని నన్ను బలవంతాన కొల్లేటికి లాక్కుపోయారు. మా అమ్మకు దెందులూరులో బేరం ఉందని చెప్పాను. జోడు దోనెలో నేను రెండు పక్కలా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. సాయిబుగారే దారం కట్టుకున్నారు, సాయిబుగారే విసిరారు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. దారం చేతిలో ఉంటే, లాగింది చేపో, తన వణుకో తెలియడం లేదు. "ఇది అదా, నేనా?" అని రెండుసార్లు నన్నే అడిగారు. నాకేం తెలుసు? ఇక ఈయన ఓడిపోయారు అనుకున్నాను.

ఆయన దారాన్ని కాలి బొటనవేలికి చుట్టుకున్నారు. బతుకంతా మిషను తొక్కిన కాలు. దానికి వణుకు లేదు. కళ్ళు మూసుకున్నారు. అంతసేపు ఆయన కదలకుండా ఉండగా నేను చూడడం అదే మొదటిసారి.

వేలు వంగింది. దోనె ఆయన గెడ వదిలి చేయి చాచాడు. "వద్దండీ" అన్నారు సాయిబుగారు. దారం ఒళ్ళో చిక్కులు చిక్కులుగా పడుతుంటే తనే లాగారు. కొర్రమీను పైకి వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడ్డారు. అది తోకతో టపటపా కొట్టుకుంటోంది, ఆయన చేతులు మోచేతుల దాకా ఊగిపోతున్నాయి. పక్కనుంచి వెళుతున్న దోనెలోని ఆడవాళ్ళు ఆగి చూశారు. "అబ్బో, ఆ పెద్దాయనకు ఎంత చేప పడిందో!" అంది వాళ్ళలో ఒకావిడ. అంత చేపను పట్టుకుంటే ఎవరి చేతులైనా అలాగే ఊగుతాయి.