ఆ పీక్ ఆముదానిది

నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. ఎవరైనా అలా పిలిస్తే వెంటనే పలకలేను. లోపల ఏదో అడ్డుపడుతుంది, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. ఇన్నేళ్లలో ఆ తడబాటును ఎవరూ పట్టుకోలేదు. వినయం అనుకుంటారు. వినయమూ లేదు, పాడూ లేదు. ఆ బిరుదు నాది కాదు. ఈ మాట మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అది సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న కాలం. అమీర్‌పేటలో గోడలు కనబడేవి కావు, ఎటు చూసినా కోర్సుల బోర్డులే. నేను అక్కడే ఒక లేడీస్ హాస్టల్లో ఉండి, పంజాగుట్టలో ఒక చిన్న పరిశోధనశాలకు నడిచి వెళ్లేదాన్ని. హాస్టల్ అమ్మాయిలంతా జావా, టెస్టింగ్ అంటూ మైత్రీవనం వైపు పరుగెత్తుతుంటే, నేను మాత్రం ప్లాస్టిక్‌ను మట్టిలో పాతిపెట్టి అది ఎప్పుడు చివుకుతుందా అని కూర్చునేదాన్ని. నాతోపాటు స్వరూప. అసలు పేరు అది కాదు. యూసుఫ్‌గూడ పిల్ల, వాళ్ల నాన్నకు అక్కడ గాజుల దుకాణం. నాది గుంటూరు వైపు. ఆమె ‘మస్తు’ అంటే నేను నవ్వేదాన్ని, నేను ప్రతివాళ్లనూ ‘అండీ’ అంటుంటే ఆమె నవ్వేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్లం.

మా పని ఇదీ. మామూలు ప్లాస్టిక్‌లో మొక్కజొన్న పిండి కలిపి, పల్చటి ఫిల్మ్‌గా లాగి, అది మట్టిలో చివికిపోతుందా లేదా చూడటం. చిక్కేమిటంటే పిండికీ ప్లాస్టిక్‌కూ పడదు. రెండింటినీ కలిపి ఉంచడానికి మధ్యలో ఇంకోటి కావాలి. నేను గ్లిజరిన్ వాడాను, పుస్తకాల్లో ఉన్న దారి. స్వరూప ఆముదం తెచ్చింది. ఎవరూ చెప్పలేదు, తనకే తట్టింది. ల్యాబ్ పురిటిగదిలా వాసనొస్తోందని ఏడిపించేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

ఇద్దరిలో ఒక్కరికే చోటుందని ల్యాబ్ నడిపే మా గైడ్ సారు మొదట్లోనే చెప్పేశారు. ఎవరి ఫిల్మ్ చివికితే వాళ్లకు పీహెచ్‌డీ, వాళ్లకు జీతం. రెండోవాళ్లకు నమస్కారం. అయినా మేం స్నేహంగానే ఉన్నాం. ఉన్నామనే అనుకునేదాన్ని.

మట్టి తేడా రాకూడదని డాబా మీద ఒకే సిమెంటు తొట్టిలో రెండు ఫిల్ములూ పాతాం. ఏది ఎవరిదో తెలియడానికి రేకు బిళ్లలు కట్టాం. నైలాన్ దారం వద్దన్నారు సారు, మట్టిలో ఇంకో ప్లాస్టిక్ పడకూడదని. నూలు దారం కట్టాం. పొద్దస్తమానం కుళ్లడం గురించే మాట్లాడుకునే మా ఇద్దరికీ, సారుకు కూడా, నూలు దారం కుళ్లుతుందని తట్టలేదు.

ఆషాఢం వానలు. తవ్వాల్సిన రోజుకు స్వరూప బోనాలకని సెలవు పెట్టింది. ఒక్కరోజు ఆపమని సారును అడిగింది. ఈ పనికి డబ్బు పెడుతున్న సంచుల కంపెనీవాళ్లు వస్తున్నారు, ఆపడం కుదరదన్నారు. “నా దాన్ని జర పైలంగ తియ్యవే” అని నాకు చెప్పి పోయింది. నా చేతిలో పెట్టి పోయింది.

తొట్టిలో ఒక ఫిల్మ్ పాతినప్పుడు ఎలా ఉందో అలాగే వచ్చింది. రెండోది వేలు తగలగానే ముక్కలైంది. బిళ్లలు రెండూ అడుగున నీళ్లలో పడున్నాయి. దారం ఆనవాలు కూడా లేదు. ఏది ఎవరిది? రెండూ మట్టి రంగుకు వచ్చేశాయి. చూస్తే తెలియదు. నిజంగా తెలియదు, ఈ ముక్క మాత్రం నమ్మండి. అయితే ‘తెలియదు’ అన్నది సారు దగ్గరికి వెళ్లి చెప్పాల్సిన మాట. ఎందుకు చెప్పలేదు? మళ్లీ మొదటినుంచి పాతమంటారని భయమా? ఆ భయం కొంత. కానీ చివికింది నాదే అయి ఉండాలని అప్పటికే నా చేతులు తీర్మానించుకున్నాయి. కొత్త దారం తెచ్చాను. ముక్కలు పెట్టిన కవరుకు నా బిళ్ల కట్టాను. బాగున్న ఫిల్మ్‌కు స్వరూపది.

అంతవరకే అయితే దాన్ని పొరపాటనుకుని బతికేసేదాన్ని. తర్వాత ఐఆర్ మిషన్ ఉంది కదా.

కంటికి కనబడని కాంతిని ఫిల్మ్ గుండా పంపితే, అందులో ఏమేం ఉన్నాయో మిషన్ ఒక గీతగా గీసి చూపిస్తుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో చోట గీత మొనలా లేస్తుంది, దాన్ని పీక్ అంటాం. ముక్కల్లో ఒకదాన్ని కడిగి, ఆరబెట్టి పెట్టాను. గీత వస్తోంది. పిండి పీక్ బాగా తగ్గింది, నాకు సంతోషం. గీత ఇంకాస్త ముందుకు పోయింది. అక్కడ, నా తాజా ఫిల్మ్‌లో గీత నున్నగా ఉండే చోట, ఒక పీక్ లేచింది. ఆ చోటు నాకు తెలుసు. రోజూ స్వరూప పక్క కుర్చీలో కూర్చుని చూసిన పీకే. నూనెకు ఉంటుంది, గ్లిజరిన్‌కు ఉండదు.

ఆ పీక్ ఆముదానిది.

సారు ఎప్పుడొచ్చారో నా వెనకే నిలబడి ఉన్నారు. కాగితం మీద వేలు పెట్టి, ఇక్కడ కొత్తగా వచ్చిందేమిటని అడిగారు. ఆక్సిడేషన్ సార్, అన్నాను. ఆలోచించుకుని అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. అంటే ప్లాస్టిక్ గాలి తగిలి విరిగిపోతోందని అర్థం. అలా విరిగినప్పుడు కూడా పీక్ దాదాపు అక్కడే వస్తుంది, కాస్త పక్కకు జరిగి. ఆ కాస్తను చూసే తీరిక ఆ రోజు సారుకు లేదు. భుజం తట్టి, కాగితం పట్టుకుని కంపెనీవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

చూశారా, కెమిస్ట్రీ రానివాళ్లు ఆ అబద్ధం ఆడలేరు. ఆ ఫిల్మ్ ఆమెదని సాక్ష్యం చెబుతున్న పీక్‌నే తీసుకుని, నేను గెలిచానన్నదానికి రుజువుగా మార్చాను. నేను చదివిన చదువంతా ఆ ఒక్క మాటలో పనికొచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

స్వరూప వచ్చింది. తన ఫిల్మ్ చివకలేదని నేనే చెప్పాను. నమ్మలేదు. తనే మిషన్ మీద పెట్టి చూస్తానంది. వద్దని ఏం వంక చెప్పను? పక్కనే నిలబడ్డాను. ఆమె చేతిలో ఉన్నది నా ఫిల్మ్. అందులో ఆముదం చుక్క కూడా లేదు. గీత ఆ చోటికి రాగానే అంతా బయటపడుతుంది, దొరికిపోయాననే అనుకున్నాను. దొరికితే బాగుండునని కూడా ఆ క్షణంలో అనిపించిందా? అనిపించిందని చెప్పుకోవాలని ఉంది. లేదు. నా చోటు పోతుందన్న భయం తప్ప నాలో ఇంకేం లేదు.

గీత ఆ చోటు దాటింది. నున్నగా దాటింది.

“ఈడ నా ఆముదం పీక్ ఏది?” అంది.

నేనూ కాగితం మీదికి వంగాను.

“లేదు సూడు. మొత్తం పోయింది.” కాగితాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. నా వైపు చూడలేదు. “వానలకు నూనె మట్టిలకు దిగిపోయి ఉంటది. నూనె పోయినంక ఇగ ఎట్ల చివుకుతది? నా ఆలోచననే తప్పు. గంతే అంటవా?”

“అంతే అయ్యుంటుంది,” అన్నాను.

“నువ్వు సుత గట్లనే అంటే గంతే ఇగ.”

నేను అబద్ధం వెతుక్కునే పని కూడా లేకుండా చేసింది. లేని పీక్‌కు ఆమె నిజాయితీగా ఒక కారణం ఆలోచించి, తనదే తప్పని తేల్చుకుని, అది సరేనా అని నన్ను అడిగింది. బిళ్లలు మారి ఉండొచ్చని ఆమెకు ఎందుకు తట్టలేదు? చాలాసార్లు అనుకున్నాను. తట్టదు. తవ్వింది నేను కదా.

నెల తిరక్కుండా మైత్రీవనంలో టెస్టింగ్ కోర్సులో చేరింది. తోడు రమ్మంటే వెళ్లాను కూడా. మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ ఆమె ముందు, నేను వెనక. ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా నీచం. కంపెనీకి మళ్లీ ఫిల్మ్ చేసి చూపించాలి. గ్లిజరిన్‌తో చేస్తే చివకదని నా ఒక్కదానికే తెలుసు. నా మిశ్రమంలో ఆముదం కలిపాను. చిన్న మార్పు చేశానని సారుతో అన్నాను. చివికింది. కొన్నాళ్లకు కంపెనీవాళ్లు వేరే దారి చూసుకున్నారు, సంచి బజారుకు రాలేదు, కానీ నా థీసిస్ మాత్రం వచ్చింది. కృతజ్ఞతల పేజీలో స్వరూప పేరు రాశాను. స్నేహానికట.

ఆ తర్వాత ఏళ్లు నన్ను నేను సముదాయించుకుంటూ గడిపాను. ఆమెకు మంచి ఉద్యోగం వచ్చింది, శ్రీనగర్ కాలనీలో సొంత ఫ్లాట్ కొనుక్కుంది, నాకంటే హాయిగా ఉంది, నేను మేలే చేశానేమో. ఈ వాదన చాలాకాలం బాగానే పనిచేసింది. పండగలకు ఫోన్లు చేసుకునేవాళ్లం. నవ్వుకునేవాళ్లం. నవ్వడం నాకు ఎలా చేతనైంది?

మొన్న ఇంటికి రమ్మంది. వాళ్లమ్మాయి కెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టిందట, నేను మాన్పించాలట. ఆ పిల్ల ముందే చెప్పింది స్వరూప, కోపం లేదు, మామూలుగా, టీ పోస్తూ: “నాకు చేతగాలే. ఎంత కష్టపడ్డా గా పని నాకు రాలే. నా బిడ్డకు గా బాధ ఎందుకు? నువ్వు చెప్పు, నీ మాట ఇంటది.”

అప్పుడు అర్థమైంది, నేను తీసుకున్నది చోటును కాదని. చోటు పోతే ఇంకోటి దొరికింది ఆమెకు. తనకు చేతకాదని ఇన్నేళ్లూ నమ్మింది. ఆ నమ్మకం నేనిచ్చింది. ఇప్పుడు దాన్ని కూతురికి కూడా ఇవ్వబోతోంది, నా చేతే ఇప్పించబోతోంది.

నీకు నచ్చింది చదువుకోమ్మా, అని లేచాను. స్వరూప ముఖం చిన్నబోయింది. పిల్ల లిఫ్ట్ దాకా వచ్చింది. వాళ్లమ్మకు నిజంగానే ఆ పని రాకపోయేదా అని మెల్లగా అడిగింది. ఆ రోజుల్లో అందరూ సాఫ్ట్‌వేర్‌కే పోయేవాళ్లమ్మా, అన్నాను. ఆమె అడిగింది అది కాదు. నేను తప్పించుకున్నానని ఆ పిల్లకు అర్థమైపోయింది, ముఖం చూస్తే తెలిసింది. లిఫ్ట్ తలుపు మూసుకుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. వాళ్లిద్దరి ముందు అంటానా? మాట ఇవ్వను, నా మాట విలువెంతో మీకు ఇప్పటికి తెలిసింది. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఇన్నేళ్లూ నా మనసులో కూడా ఈ వాక్యాన్ని చివరిదాకా పోనిచ్చేదాన్ని కాదు. మధ్యలోనే తుంచేసి వేరే పని పెట్టుకునేదాన్ని. ఇవాళ తుంచకుండా రాస్తున్నాను. కాస్త ఊపిరాడుతోంది.

మా ఇద్దరిలో పని వచ్చింది స్వరూపకే.