నలభై అగ్గిపెట్టెల యంత్రం

కంప్యూటర్ని కంటితో చూడకుండానే చలపతిరావు దానికో భాష కట్టాడు. 1971 నాటి మాట. పీయూసీతో చదువాగిపోయి, బాపట్లలో పంటల లెక్కలు కట్టే ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. రోజూ రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి వెళ్లేవాడు. తెనాలి పాతకాగితాల కొట్లో దొరికిన, మొదటి పదిహేను పేజీలూ లేని ఇంగ్లీషు పుస్తకమే అతని గురువు. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే నారుమళ్లు నంబర్లేసిన గదుల్లా కనిపించేవి. గట్ల మీద నడిచే మనుషులు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అంకెలు మోస్తున్నట్టుండేది. డిగ్రీలున్నవాళ్ల మీద కసి ఆ కాసేపూ నిద్రపోయేది.

మనిషి రాసిన సూత్రాన్ని యంత్రం చేయగల చిన్న చిన్న పనులుగా మార్చే ప్రోగ్రాం అతను రాసింది. ఆఫీసరు వెంకట్రామయ్య సోమవారం హైదరాబాదు వెళ్తూ, అక్కడి కంప్యూటర్ మీద దాన్ని వేయించి చూస్తానన్నాడు.

"ఒక్కసారేనోయ్. నడిస్తే వాళ్లే పిలిచి ఉద్యోగమిస్తారు. నడవకపోతే మళ్లీ నా దగ్గరికి రాకు."

ముందే సరిచూసుకుందామంటే యంత్రం లేదు. అందుకని మేనత్త పున్నమ్మనే యంత్రాన్ని చేశాడు. అరుగు మీద నలభై ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చి నంబర్లేశాడు. ఏ పెట్టెలోని కాగితం ఏ పెట్టెలో పెట్టాలో, తర్వాత ఏ చీటీ చూడాలో వరసగా చీటీల మీద రాశాడు. ఆవిడ కూడబలుక్కుని చదవగలదు.

"నువ్వేం ఆలోచించకత్తా. యంత్రానికి బుర్రుండదు. నీకది పెద్ద కష్టం కాదులే," అన్నాడు శనివారం పొద్దున, టిఫిన్ డబ్బా అందుకుంటూ. ఆవిడ మొదటి చీటీ చేతిలోకి తీసుకుంది.

దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేసరికి వాకిలి నిండా ముగ్గు చుక్కలు. గీతలు కలపని చుక్కలు వందలకొద్దీ, మసక వెలుగులో తేలుతున్నట్టు ఉన్నాయి. పున్నమ్మ ఏడో పెట్టెలోని కాగితం మూడోదాంట్లో పెట్టి, చూసి, మళ్లీ ఏడోదాంట్లో వేసి, దిగి ఆ చుట్టు లెక్కకి ఇంకో చుక్క పెట్టింది. పొయ్యి వెలగలేదు.

"ఏంటత్తా ఇది? ఎప్పట్నించి?"

"నువ్వెళ్లిన కాణ్ణించే. మూడో పెట్టె ఖాళీగా ఉంటేనే ముందుకెళ్లమన్నావు. అది నిండుగా ఉన్నప్పుడే చూడమంటివి, చూశాక ఖాళీ చెయ్యమంటివి. ఇంకెక్కడికి పోనురా?"

"ఆపెయ్యొచ్చుగా."

"ఆపమని ఏ చీటీలో ఉంది? బుర్రుంటే ఆపేదాన్ని."

చలపతిరావు చుక్కల మధ్యే చతికిలబడ్డాడు. హైదరాబాదు యంత్రం కూడా ఇలాగే, ఆకలీ అలసటా లేకుండా, అతనికున్న ఒక్క అవకాశాన్నీ అక్కడక్కడే తిప్పి అరగదీసేది. ఖాళీ చెయ్యమన్న చీటీని చూడమన్న చీటీకి ముందుకు జరిపాడు. తర్వాత లేచి, తనే అన్నం వండాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆవిడ ఆఖరి చీటీ చేరింది. దాని మీద 'ఆగు' అని ఉంది. చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టే నిలిపేసింది.

"అత్తా, ఇక లే."

"ఇప్పుడు ఆలోచించొచ్చా?"

"ఆలోచించత్తా," అన్నాడతను తల దించుకుని.

పదిరోజులకి వెంకట్రామయ్య ఆ కంప్యూటర్ అచ్చేసిన మడతల కాగితం తెచ్చి, ఒకటో తారీఖుకల్లా హైదరాబాదులో చేరమన్నాడు. తను రాసినటువంటి ప్రోగ్రాంలని కంపైలర్లంటారని చలపతిరావుకి అక్కడే తెలిసింది. ఆ పేరు, పోయిన పదిహేను పేజీల్లో ఉండి ఉంటుంది. ఆ తర్వాత ఏళ్లపాటు అవే రాశాడు. ఏది రాసినా యంత్రానికి ఇచ్చే ముందు కాసేపు కళ్లు మూసుకునేవాడు. దీన్ని పున్నమ్మ చేతికిచ్చి రైలెక్కితే, సాయంత్రానికి వాకిలి ఎలా ఉంటుందో చూసుకునేవాడు.