ఆరని రంగు మీద అమ్మ చెయ్యి

నాకు కాలు ఒకచోట నిలవదు, చెయ్యి అసలే నిలవదు. ఆ రోజు కావలిలో నా అద్దెగదిలో ట్యాబ్లెట్ మీద పడవ బొమ్మ గీయడం, చెరపడం, పొద్దంతా ఇదే పని. పిల్లల పుస్తకానికి సముద్రం బొమ్మలు అడిగినవాళ్లు, పడవ ప్లాస్టిక్‌లా ఉందన్నారు. ఒళ్లు మండింది గానీ నిజమే. ఉప్పుగాలికి పెచ్చులు లేచిన రంగు మా ఊళ్లో ప్రతి పడవకీ ఉంటుంది. బొమ్మ మీద పరవడానికి యాప్‌లో దొరికే టెక్స్చర్లన్నీ గోడలవీ గుడ్డలవీ.

అప్పుడే అన్న ఫోన్ చేశాడు. "రేపు బోటుకు రంగేస్తా ఉండా, ఎల్లుండే వేట. గీకేసినాక ఏడవబాక."

ఎందుకు ఏడుస్తానో ఇద్దరికీ తెలుసు. ఏటా ఎండాకాలం చేపల వేట నిషేధం ముగిశాక పడవ మొదటిసారి సముద్రంలోకి పోయేముందు ఇంటి ఆడమనిషి దాని ముందుభాగాన పైబల్ల మీద పసుపు చేత్తో అచ్చు వేయాలి. రెండేళ్ల కిందట అమ్మ తొందరపడి, నీలం రంగు ఆరకముందే చెయ్యి పెట్టేసింది. "ఆరిందాకా ఆగలేవా మా" అని అన్న చిందులు తొక్కాడు. పసుపు మొదటి వేటకే కొట్టుకుపోయింది, అచ్చు మాత్రం రంగులో గుంటపడి ఉండిపోయింది. ఆ చలికాలమే అమ్మ పోయింది. ఏటిసూతకమని కిందటేడు పడవకు రంగూ లేదు, పసుపూ లేదు. అందుకే ఆ చెయ్యి ఇంకా ఉంది. రేపటితో ఉండదు.

మర్నాడు బస్సు ఆగిన చోటల్లా డ్రైవర్ని తిట్టుకుంటూ పోయాను. చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అన్న ఉప్పుకాగితంతో పడవ వెనకసగం అప్పటికే రుద్దేశాడు. ఫోన్ తీసి ఫోటో మీద ఫోటో కొట్టాను. ఒక్కదాంట్లోనూ చెయ్యి కనబడలేదు. నిట్టనిలువు ఎండలో ఎత్తుపల్లాలకు నీడ పడదు, నీడ లేకపోతే అంతా ఒట్టి నీలమే.

"సాయంత్రం దాకా ఆగన్నా. ఎండ పక్కనించి పడితే కనపడద్ది."

"అప్పుడు రంగేస్తే తెల్లారేసరికి యాడ ఆరద్ది మే? అందరూ వేటకు పోతా ఉంటే నేను ఒడ్డున కూచోవాల్నా?"

నేను బతిమాలలేదు. ఆ అచ్చు మీద నా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. ఇసకకి కాళ్లు కాలుతున్నా కదల్లేదు. అన్న గొణుక్కుంటూ అది ఒక్కటీ వదిలి మిగతాదంతా గీకాడు.

ఎండ ఊరివైపు వాలాక అమ్మ చెయ్యి తేలింది. వంకర చిటికెనవేలు, చేప కోస్తుంటే తెగిన గాటు, అరచేతి గీతలు. ఒంగి ఫోటో తీశాను. "అయిందా?" అన్నాడు. తల ఊపాను. అన్న మొహం అటు తిప్పుకుని గీకేశాడు. వెలుగు ఉన్నంతసేపూ రంగు వేస్తూనే ఉన్నాడు.

నేను ఊళ్లో మా ఇంటికొచ్చి, వెంట తెచ్చుకున్న ట్యాబ్లెట్‌లో ఆ ఫోటోను టెక్స్చర్‌గా మార్చి పడవ బొమ్మ మీద పరిచాను. యాప్ ఆ ముక్కనే పక్కపక్కన పేర్చుకుంటూ పోయింది. పడవ నిండా అమ్మ చేతులు, అదే వంకర వేలు మళ్లీ మళ్లీ. చీర మీద అద్దకం పువ్వుల్లా ఉన్నాయి. చూడలేకపోయాను. అన్నీ తీసేసి ఒక్కటే ఉంచి, వేలితో తడిమాను. నున్నటి అద్దం. దీనికోసమా అంత రభస చేశాను అని నా మీద నాకే కోపం వచ్చింది. ట్యాబ్లెట్ మూసి మంచం మీద పడేశాను.

తెల్లారి ఒడ్డున ఒక్కో ఇంజనూ మోగుతోంది. అన్నకింకా పెళ్లి కాలేదు, అమ్మ తర్వాత ఇంటి ఆడమనిషిని నేనే. పసుపు గిన్నె నా చేతికిచ్చాడు. కొత్త రంగును వేలితో తాకి చూశాను. జిగటగా అంటుకుంది.

"ఇంకా ఆరలేదన్నా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అన్న నావైపు చూడలేదు. "తెలుసులే. పెట్టు. గట్టిగా పెట్టు" అన్నాడు.